సీతమ్మధారలో అమ్మి, మధురవాడలో కొన్నాక

2025లో మా కుటుంబం విశాఖపట్నం సీతమ్మధారలోని నాన్నగారి ఇంటిని అమ్మింది. నా వాటాగా వచ్చిన సొమ్ముకు బ్యాంకు రుణం కలిపి నేను మధురవాడలో ఒక ఫ్లాటు కొన్నాను. ఎనిమిది నెలల తేడాలో ఒకసారి అమ్మేవాడిగా, ఒకసారి కొనేవాడిగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం మెట్లెక్కడంతో, అమ్మేటప్పుడు నాకు చికాకు తెప్పించిన ప్రశ్నలనే కొనేటప్పుడు నేను ఎదుటివారిని అడగవలసి వచ్చింది. నేను న్యాయవాదిని కాను. అయినా ఆ ప్రశ్నలు బయానా చేతులు మారకముందే రావాలన్నది నాకు బాగా అర్థమైంది. మన ఊళ్లో మాత్రం బయానా ముందు, దస్తావేజులు చూడటం తరువాత అన్నట్టే బేరాలు నడుస్తున్నాయి.

మా ఇంటిని చూడటానికి వచ్చినవారి న్యాయవాది మొదట అడిగింది లింకు దస్తావేజుల (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజుల) గురించి కాదు, నాన్నగారు వీలునామా రాశారా అని. రాయలేదని చెప్పగానే, ఆయనకు ఎంతమంది సంతానమని అడిగి, అక్క సంతకం కూడా తప్పనిసరి అన్నారు. పక్కనే ఉన్న పెదనాన్నగారికి కోపం వచ్చింది. “పసుపు కుంకుమలు ఇచ్చి పంపిన ఆడపిల్ల సంతకం దేనికండీ?” అన్నారు. ఆడపిల్లల హక్కు అనగానే అందరికీ హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ గుర్తుకు వస్తుంది. ఇంకొంచెం తెలిసినవారు మన రాష్ట్రం అంతకు ముందే, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా, పెళ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిందని చెబుతారు. అయితే ఆ రెండూ పూర్వీకుల ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. మా ఇల్లు నాన్నగారు తన జీతంతో కట్టుకున్న స్వార్జితం. వీలునామా లేకుండా మరణించిన హిందువు స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. నాన్నమ్మ జీవించి ఉంటే ఆమెకూ ఒక వాటా దక్కేది. కాబట్టి అమ్మ, అక్క, తమ్ముడు, నేను తలా పావు వంతుకు హక్కుదారులమయ్యాం. తన వాటా వదులుకుంటున్నట్టు అక్క హక్కు విడుదల దస్తావేజు రాసి ఇవ్వవచ్చునని ఒకరు సలహా ఇచ్చారు గాని, తన వాటా తాను తీసుకుంటూ మాతోపాటు క్రయ దస్తావేజు మీద సంతకం చేయడమే సూటిగా ఉంటుందని నేను పట్టుబట్టాను. పెదనాన్నగారు కొన్ని వారాలపాటు నాతో ముభావంగా ఉన్నారు.

వాటాలు నలుగురివి కావడంతో పన్ను దగ్గర మరో చిక్కు వచ్చింది. ఇంటి ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి ఆదాయపు పన్ను కింద ముందే కోసే మొత్తం) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అక్క వాటా 50 లక్షలకు లోపే కదా, ఆమెకు ఎందుకు కోస్తారని మేము వాదించాం. 2024 అక్టోబరు 1 నుంచి అమ్మేవారు ఎందరున్నా మొత్తం ధరనే లెక్కలోకి తీసుకోవాలని చట్టం స్పష్టం చేసిందని తెలిశాక ఊరుకున్నాం. కొన్నవారు నలుగురి పేరిట నాలుగు ఫారాలు వేశారు.

ఇక నగదు విషయం. మొదట బేరానికి వచ్చిన ఒకాయన, దస్తావేజులో తక్కువ ధర చూపించి మిగతాది నోట్ల కట్టలుగా ఇస్తానన్నారు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. ఆ జరిమానా పడేది ఇచ్చినవారికి కాదు, తీసుకున్నవారికి. ఆ ఒక్క మాట తెలిశాక అమ్మ ఆ బేరం వద్దంది.

నేను కొనడానికి బయలుదేరినప్పుడు మొదట చూసింది ఫ్లాటు కాదు, వేపగుంట వైపు 150 గజాల్లో ఒక చిన్న ఇల్లు. ధర చూసి ఆశపడ్డాను. యజమాని ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నోటరీ చేయించిన ఒక ఒప్పందం చూపించారు. ఇరవై ఏళ్ల పన్ను రసీదులున్నా అవి ఆ ఇంట్లో ఉంటున్నారనడానికి సాక్ష్యమే తప్ప హక్కు పత్రాలు కావు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం), ఒప్పందం కలిపి చేతిలో పెట్టినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అంతకన్నా పెద్ద సంగతి, ఆ ప్రాంతం సింహాచలం దేవస్థానం తన భూములని చెప్పే పంచగ్రామాల పరిధిలోది. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం గ్రామాల్లో దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని బతుకుతున్న వేలాది కుటుంబాలకు అమ్ముకునే స్వేచ్ఛ లేకుండా పోయిన వివాదం అది. అక్కడి ప్రతి గజమూ చిక్కులో ఉందని కాదు. సర్వే నంబరును బట్టి చూసుకోవాలి. నేను చూసిన ఇంటి సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో కనిపించింది. దేవాదాయ భూములతోపాటు ప్రభుత్వ భూములు, పేదలకు డి-పట్టా ఇచ్చిన అసైన్డ్ భూములు కూడా ఆ జాబితాలోకే వస్తాయి. ఆ యజమాని మోసగాడని నేను అనుకోను. ఆయన కూడా ఎవరి మాటో నమ్మి కొన్నవాడే.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు) శుభ్రంగా ఉంటే చాలునని చాలామంది నమ్ముతారు, నేనూ నమ్మాను. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా, వారసుల మధ్య తగాదా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించకపోవచ్చు. అందుకే కనీసం ముప్పై ఏళ్ల ఈసీతోపాటు లింకు దస్తావేజుల అసలు ప్రతులు కూడా చూడాలి. అసలు ప్రతులు లేవంటే బ్యాంకులో తాకట్టు ఉన్నాయేమో అడగాలి.

చివరికి తీసుకున్న ఫ్లాటు ఒకరు ఉండి అమ్మినది కాబట్టి జీఎస్టీ బాధ లేదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కట్టాను. అంతకు ముందు చూసిన ఒక కొత్త భవనంలో బిల్డరు మనిషి ధరలో పాతిక శాతం ముందుగా కట్టమన్నాడు. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం ప్రకారం ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని చెబితే, “అందరూ ఇస్తున్నారు సార్” అని నవ్వాడు. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. మధురవాడ ఫ్లాటుకు మాత్రం నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు (భవనంలో నివసించవచ్చనే ధ్రువపత్రం), మంజూరైన ప్లాను, భూమిలో మా ఫ్లాటుకు వచ్చే అవిభక్త వాటా ఎన్ని గజాలో చూసుకున్న తరువాతే బయానా ఇచ్చాను. అమ్మినావిడ కొంత విసుక్కున్నారు. సీతమ్మధారలో నేను పడిన విసుగే అది కాబట్టి ఓపికగా సంజాయిషీ చెప్పుకున్నాను. ఇంటి పన్ను మా పేరిట మారింది. కరెంటు మీటరు మాత్రం ఇంకా ఆవిడ పేరిటే ఉంది, ఈ వారం దరఖాస్తు పెట్టాలి.