డార్ ఎస్ సలామ్ నుంచి మలావీ సరస్సుకి, నేల మీదుగా

మలావీ సరస్సు చూడాలంటే దగ్గర దారి ఒకటుంది. లిలాంగ్వేలో ఫ్లైట్ దిగి కారు మాట్లాడుకుంటే రెండు గంటల్లో సలీమా దగ్గర ఒడ్డున కాళ్ళు తడుపుకోవచ్చు. సెలవులు తక్కువున్నవాళ్ళకి నేనూ ఆ దారే చెప్తాను. కాకపోతే ఈ సరస్సు ఒక పెద్ద లోయ అడుగున ఉందన్న సంగతి అలా వెళ్తే ఒంటికి తెలీదు. అది తెలియాలంటే టాంజానియా వైపు నుంచి, కొండల మీద నుంచి దిగాలి.

తూర్పు ఆఫ్రికాలో నేల చీలి కుంగిపోయిన చోట నీళ్ళు నిండి ఏర్పడ్డ సరస్సు ఇది. పొడవు సుమారు 580 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్‌లో మొదలుపెడితే బెంగళూరు దాకా నీళ్ళే. విస్తీర్ణం దాదాపు 29,600 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువే. నీటిమట్టం సముద్రమట్టానికి 475 మీటర్ల ఎత్తున ఉంది కానీ లోతు 700 మీటర్లు దాటుతుంది, కాబట్టి సరస్సు అడుగు సముద్రమట్టానికి రెండొందల మీటర్లకు పైగా కిందే ఉన్నట్టు. నేను వెళ్ళిన దారిలో డార్‌లో సముద్రం పక్కన రైలెక్కి 1,700 మీటర్ల ఎత్తున్న ఎంబేయా చేరి, అక్కణ్ణుంచి ఒక్క పూటలో పన్నెండొందల మీటర్లు దిగాలి. పొద్దున స్వెటర్ వేసుకుని బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నానికి బనీన్ల మీద ఉంటారు.

బయల్దేరే ముందు పని పెద్దగా లేదు. వీసా రూల్స్ మాటిమాటికీ మారుతుంటాయి, రెండు దేశాలవీ ప్రయాణానికి ముందు మళ్ళీ ఒకసారి చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే అది చెల్లుతుంది. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి, బోర్డర్‌లో నన్ను పాస్‌పోర్ట్ కంటే ముందు అదే అడిగారు. మలేరియాకి డాక్టర్ని అడిగి మాత్రలు తీసుకోండి. నేను డాక్సీసైక్లిన్ వాడాను, రోజుకొకటి, సరస్సు వదిలి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు, ఆ పని మాత్రం చేయొద్దు. డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్ళండి, మడతలు పడ్డవీ పాతవీ అక్కడ తీసుకోరు.

డార్‌లో భోజనానికి బెంగేమీ లేదు. కిసూటు వీధిలో గుజరాతీ గుళ్ళూ, శాకాహార భోజనాలూ, సాయంత్రమైతే చాట్ బండ్లూ ఉంటాయి. ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్ళూ ఊళ్ళో కనిపిస్తారు. ఆవకాయ ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకి తెలుసు, కానీ మలావీకి నేల మీద ఎలా వెళ్ళాలో అడిగితే మాత్రం "ఫ్లైట్ ఉంది కదండీ, ఆ రైలెందుకు?" అన్నారు.

ఆ రైలెందుకో చెప్తాను. దాని పేరు టజారా. డార్ నుంచి జాంబియాలో న్యూ కపిరి ఎంపోషి దాకా 1,860 కిలోమీటర్లు. జాంబియా రాగి బయటికి వెళ్ళాలంటే అప్పట్లో తెల్లవాళ్ళ పాలనలో ఉన్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), దక్షిణాఫ్రికా లాంటి దేశాల మీదుగానే పోవాలి. ఆ గొడవ తప్పించడానికి పాశ్చాత్య దేశాలు లాభం లేదన్న లైన్‌ని చైనా 1970లో మొదలుపెట్టి ఐదారేళ్ళలో వేసి ఇచ్చింది. స్టేషన్ ఊరి మధ్యలో ఉన్న పాత స్టేషన్ కాదు, ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్ళే న్యెరేరే రోడ్డు మీద విడిగా ఉంటుంది. ఆటో అతనికి టజారా అనే చెప్పాలి. ఫస్ట్ క్లాస్‌లో నాలుగు బెర్తులు, సెకండ్‌లో ఆరు. కంపార్ట్‌మెంట్ మొత్తం తీసుకుంటే తప్ప ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కలిపి వేయరు, కాబట్టి జంటగా వెళ్ళేవాళ్ళు అది చూసుకుని టికెట్ కొనండి. రైలు నడుస్తోందో లేదో కూడా ముందు స్టేషన్‌లోనే కనుక్కోండి, పాత బ్లాగులు చదివి వెళ్ళిపోకండి (ఇది కూడా రేపు పాతదే అవుతుంది).

టైమ్ అడిగేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. స్వాహిలీలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. "సా మ్బిలి" అంటే మాటకి రెండు గంటలే, మన గడియారంలో మాత్రం ఎనిమిది. టికెట్ మీద మన లెక్కే వేస్తారు కానీ నోటితో చెప్పేటప్పుడు ఆ లెక్కలోకి వెళ్ళిపోతారు. ఆరు గంటలు తేడా చూసుకోకపోతే రైలు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

ఈ రైలు ప్రయాణం గురించి రాయమంటే ఒక పోస్ట్ అంతా అదే అవుతుంది. అభయారణ్యం మధ్య నుంచి వెళ్ళేటప్పుడు అందరూ కిటికీల దగ్గరికి చేరతారు, ఎక్కువసార్లు జింకలూ జిరాఫీలూ, అదృష్టముంటే ఏనుగులు. నాకైతే జంతువుల కంటే మ్లింబా దాటాక మొదలయ్యే ఘాట్ నచ్చింది. మకంబాకో దాకా టన్నెల్ తర్వాత టన్నెల్, వంతెన తర్వాత వంతెన, రైలు పక్కన నడిచి వెళ్ళొచ్చు అనిపించేంత నెమ్మదిగా ఎక్కుతుంది, గంట గంటకీ గాలి చల్లబడుతుంది. స్టేషన్ వస్తే చాలు, గంపలతో అరటిపళ్ళూ, ఉడకబెట్టిన గుడ్లూ, కాల్చిన మొక్కజొన్న కంకులూ కిటికీ కిందికి వస్తాయి. నా కింద బెర్తులో ఉన్న పెద్దాయన సిమెంట్ వ్యాపారి, ప్రతి స్టేషన్‌లోనూ ఏదో ఒకటి కొని నలుగురికీ పంచాడు. వద్దంటే కోపం కూడా వచ్చింది ఆయనకి. డైనింగ్ కారులో కోడి, అన్నం, లేకపోతే ఉగాలి. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి ముద్ద. మాంసం తిననివాళ్ళు "వలి మహరాగే" అడగండి, అన్నమూ బీన్స్ కూరా వస్తుంది. ఉప్పు సరిపోతుంది, కారం మాత్రం మీరు తెచ్చుకోవాలి.

ఎంబేయాలో స్టేషన్ ఊరికి కొన్ని కిలోమీటర్ల బయట ఉంటుంది. రైలు దిగగానే "మలావీ డైరెక్ట్ బస్" అంటూ చుట్టూ మూగుతారు. ఒక ఏజెంట్ నా బ్యాగ్ అందుకుని, ముద్ర వేసిన టికెట్ పుస్తకం కూడా తీసి చూపించి, లిలాంగ్వే దాకా డబ్బులడిగాడు. తీరా బస్సేది అంటే బోర్డర్ దగ్గర దింపే మామూలు మినీబస్సు. బోర్డర్ దాటాక బస్సు మారాల్సిందే, కాబట్టి అటువైపు టికెట్ అటువైపే కొనుక్కోండి. నానేనానే బస్టాండ్‌కి వెళ్ళి క్యేలా వైపు వెళ్ళే కోస్టర్ (చిన్న బస్సు) ఎక్కి, కసుములు మలుపు దగ్గర దింపమంటే చాలు. అక్కడ మోటార్‌సైకిల్ మీద కుర్రాళ్ళు బోర్డర్ దాకా తీసుకెళ్తారు. వాళ్ళు చెప్పిన రేటుకి సగం అడిగి, మధ్యలో కుదుర్చుకోండి.

ఈ కోస్టర్ ప్రయాణంలోనే దిగడం మొదలవుతుంది. ముందు టుకుయు. వానలు బాగా పడే ఊరు, రోడ్డుకి రెండు వైపులా అరటి తోటలు, టీ తోటలు, వెనకాల రుంగ్వే కొండ. ఎర్ర మట్టి మీద ఆ పచ్చదనం చూస్తే అరకు వైపు వెళ్ళినవాళ్ళెవరైనా ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెడతారు. అక్కణ్ణుంచి మలుపులు తిరుగుతూ కిందికి, చెవులు పట్టేస్తాయి. టీ తోటలు అయిపోయి వరి మళ్ళూ కోకో చెట్లూ వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. క్యేలా బియ్యం టాంజానియాలో పేరున్న బియ్యం, మంచి వాసన ఉంటుంది.

బోర్డర్ అంటే సోంగ్వే నది మీద వంతెన. ఇటు టాంజానియా ముద్ర వేయించుకుని, నడిచి అటు వెళ్ళి మలావీ ముద్ర వేయించుకోవాలి. గడియారం గంట వెనక్కి తిప్పుకోండి. డబ్బు మార్చేవాళ్ళు మాత్రం ఊపిరాడనివ్వరు. మలావీ డబ్బు క్వాచా విలువ బాగా పడిపోయింది, చిన్న మొత్తానికే కట్టలు కట్టలు వస్తాయి. లెక్కపెట్టి మన చేతికిచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకుని ఇంకోసారి లెక్కపెడతానంటారు చూడండి, అక్కడే మధ్యలో నోట్లు మాయమవుతాయి. పైగా రోడ్డు మీద మార్చడం చట్టప్రకారం తప్పు కూడా. కరోంగాలో బ్యాంకులున్నాయి.

కరోంగా దాకా షేర్ టాక్సీ. ఐదుగురు కూర్చోవాల్సిన కారులో ఎంతమంది పట్టారో నేను చెప్పినా మీరు నమ్మరు. ఊరు ఎండకి మాడిపోతుంటుంది. మ్యూజియంలో మలావీసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నమూనా ఉంది, దాని ఎముకలు ఈ ప్రాంతంలోనే దొరికాయి. అరగంట చాలు. దక్షిణంగా వెళ్ళే రోడ్డు మీద చిలుంబా దాటి వెళ్తుంటే ఎడమ వైపంతా నీళ్ళే. బస్సులో నేను తప్ప ఎవరూ అటు చూడలేదు.

చాలామంది బ్యాక్‌ప్యాకర్లు ఇక్కణ్ణుంచి నేరుగా సరస్సు ఒడ్డునున్న న్ఖాటా బే వెళ్ళిపోతారు. నా మాట వినండి, చిటింబాలో దిగి, కొండ మీదున్న పాత మిషన్ ఊరు లివింగ్‌స్టోనియా ఎక్కండి. 20 హెయిర్‌పిన్ మలుపుల మట్టి రోడ్డు, పికప్ బండి దొరికితే వెనక ట్రక్‌లో మేకలతో పాటు, లేకపోతే తెల్లవారే నడక మొదలుపెట్టాలి. స్కాట్లండ్ మిషనరీలు 1875లో మొదట సరస్సు దక్షిణ కొసన కేప్ మక్లియర్‌లో దిగారు. మలేరియాతో మనుషులు పోయారు. 1881లో బండావేకి మారారు, అక్కడా అదే కథ. చివరికి 1894లో డాక్టర్ రాబర్ట్ లాస్ అందర్నీ ఈ కొండ మీదికి తెచ్చాడు, దోమ అంతగా ఎక్కలేని ఎత్తుకి. ఇటుకల బడి, ఆసుపత్రి, చర్చి ఇంకా నడుస్తున్నాయి. చర్చి రంగుటద్దాల కిటికీలో అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ బొమ్మ వెనక ఇదే సరస్సు ఉంటుంది. సుమారు 900 మీటర్ల కిందికి చూస్తే నీళ్ళు, అవతల టాంజానియా కొండలు గోడలా నిలబడి కనిపిస్తాయి. లోయ అన్నానే, దాని రెండు అంచులూ ఒకేసారి కనబడేది ఇక్కడ.

ఆ తర్వాత ఎంజూజూ, బస్సు మారే ఊరు, అంతే. అక్కణ్ణుంచి యాభై కిలోమీటర్లు దిగితే న్ఖాటా బే. కొండలు నేరుగా నీళ్ళలోకి దిగిన చిన్న చిన్న ఒడ్డు వంపులు, మార్కెట్, ఒక జెట్టీ. ఒడ్డున కర్ర తడికెల మీద ఉసిపా అనే చిన్న చేపలు ఎండుతుంటాయి. కాకినాడలోనో భీమిలిలోనో పెరిగినవాళ్ళకి ఆ వాసన ఎండు నెత్తళ్ళదే. రాత్రిపూట దీపాలు పెట్టుకుని పడవల మీద వెళ్ళి వాటిని పడతారు. ఉల్లి, టమాటాతో వండి న్సిమాతో పెడతారు. న్సిమా ఉగాలి లాంటిదే, కాస్త మెత్తగా ఉంటుంది.

కళ్ళద్దాలూ స్నార్కెలూ అద్దెకి తీసుకుని రాళ్ళ దగ్గర తల ముంచితే ఎంబునా చేపలు, సిక్లిడ్ అనే జాతివి. నీలం, పసుపు, చారలవి. మన ఊళ్ళ అక్వేరియం షాపుల్లో అమ్మే పసుపు సిక్లిడ్‌ల పూర్వీకులు ఈ న్ఖాటా బే చుట్టుపక్కల రాళ్ళ మధ్యవే. ఈ సరస్సులో సిక్లిడ్‌లే కొన్ని వందల రకాలు, దాదాపు అన్నీ ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని పిల్లలయ్యేదాకా తిండి మానేస్తుంది. ఇంత లోతులో చేపలుండేది మాత్రం పై పొరలోనే, సుమారు 250 మీటర్ల కింద నీళ్ళలో ఆక్సిజన్ లేదు.

ఇప్పుడు బిల్హార్జియా సంగతి. ఒడ్డున నీటి నత్తల నుంచి వచ్చే సూక్ష్మమైన పురుగు చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. గెస్ట్‌హౌస్ వాళ్ళు "మా దగ్గర లేదు" అంటారు, ప్రతి గెస్ట్‌హౌస్ వాళ్ళూ అదే అంటారు. రెల్లు ఉన్న చోట, నీళ్ళు నిలిచిన చోట దిగొద్దు. ఎక్కడ దిగినా ఇంటికొచ్చి ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక డాక్టర్‌కి ఫలానా సరస్సులో ఈదానని చెప్పి టెస్ట్ చేయించుకోండి. ప్రాజిక్వాంటెల్ మాత్రతో పోతుంది. ముందే వేసుకుంటే పిల్ల పురుగుల మీద సరిగా పనిచేయదు. మన డాక్టర్లకి ఈ జబ్బు రోజూ చూసేది కాదు కాబట్టి పేరు మీరే చెప్పాలి. దీని గురించి అతిగా టెన్షన్ పడి నీళ్ళలో దిగకుండా వచ్చినవాళ్ళనీ చూశాను, అది మరీ అన్యాయం.

జెట్టీ దగ్గర ఇలాలా స్టీమర్ కోసం ఎదురుచూడొచ్చు. స్కాట్లండ్‌లో తయారైన ముక్కల్ని ఇక్కడికి తెచ్చి బిగించి 1951లో నీళ్ళలోకి దించారు. వారానికి ఒక రౌండ్ సరస్సు పొడుగునా తిరుగుతుంది. రిపేర్‌లో ఉంటే నెలల తరబడి ఉంటుంది, కాబట్టి దాన్నే నమ్ముకుని ప్లాన్ వేయకండి. లికోమా ద్వీపానికి వెళ్ళాలంటే ఇదే మంచి దారి. ఆ ద్వీపం మొజాంబిక్ ఒడ్డుకి దగ్గరగా, మొజాంబిక్ నీళ్ళ మధ్యలో ఉంది, అయినా మలావీదే, ఆంగ్లికన్ మిషన్ అక్కడ స్థిరపడటం వల్ల. అంత చిన్న ద్వీపం మీద అంత పెద్ద కెథడ్రల్ చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. సరిహద్దుల గొడవ ఉత్తరాన ఇంకా తేలలేదు. 1890 నాటి బ్రిటిష్-జర్మన్ ఒప్పందం ప్రకారం టాంజానియా ఒడ్డు దాకా నీళ్ళన్నీ మావే అని మలావీ అంటుంది, కాదు గీత నడిమధ్యన ఉండాలని టాంజానియా అంటుంది. సరస్సుని వాళ్ళు న్యాసా అంటారు. డార్‌లో కొన్న మ్యాప్ తీసి గెస్ట్‌హౌస్ బల్ల మీద పెడితే, టీ తెచ్చినతను దాన్ని చూసి, వేలితో గీతని తూర్పు ఒడ్డుకి జరిపి, కప్పు దాని మీద పెట్టి వెళ్ళాడు.

ఎప్పుడు వెళ్ళాలంటే సెప్టెంబర్, అక్టోబర్. మే నుంచి ఆగస్టు దాకా ఎంవేరా అనే ఆగ్నేయపు గాలి, స్టీమర్ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. వానలు మొదలయ్యాక లివింగ్‌స్టోనియా మట్టి రోడ్డు బురద. ఇలాలాలో డబ్బు కాస్త ఎక్కువైనా పై డెక్ టికెటే తీసుకోండి, కింద సరుకుల మధ్య కూర్చోవడానికి చోటుండదు. రాత్రి నీళ్ళ మీద చలేస్తుంది, ఎంబేయాలో వేసుకున్న స్వెటర్‌ని ఎంజూజూ పోస్టాఫీసు నుంచి ఇంటికి పార్సిల్ చేసేయాలన్న ఆలోచన మానుకోండి.