సాలెపురుగు ఊళ్లో ఆరు రోజులు

రైలు గూడూరు, వెంకటగిరి దాటేసరికి తెల్లవారింది. పుష్యమాసపు చలికి కిటికీ అద్దం మసకబారింది. శ్రీకాళహస్తిలో దిగినప్పుడు నా సంచిలో నాలుగు జతల బట్టలు, ఒక శాలువా, అమ్మ రాసిన రామకోటి పుస్తకం ఉన్నాయి. పుస్తకం ఎందుకు తెచ్చుకున్నానంటే ఏం చెప్పను? ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పలేదు, అంతే.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా వృత్తి. పదిహేనేళ్లుగా అదే నాకు అన్నం పెడుతోంది. అమ్మ పోయాక తొమ్మిది నెలలు చెయ్యి ఆడలేదు. కంప్యూటర్ తెర మీద గీయడం, తుడిచేయడం, మళ్లీ గీయడం. ఒకసారి ఒక్క కుందేలు చెవి దగ్గరే పొద్దంతా గడిచిపోయింది. దేవుడి గదిలోనూ అంతే. అమ్మ పెట్టినట్టే దీపం పెట్టేదాన్ని, అమ్మ చదివిన శ్లోకాలే చదివేదాన్ని, ఏ తడీ తగలకుండా లేచి వచ్చేదాన్ని. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని అప్పట్లో తట్టలేదు. కొన్నాళ్లు తెరకు దూరంగా చేత్తో పని చెయ్యమని, కాళహస్తిలో గుడ్డ మీద కలంతో కథలు గీసే కలంకారీ పని నేర్పే పెద్దాయన ఒకరున్నారని స్నేహితురాలు చెప్పింది. ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాటన్నారు: "రా అమ్మా. దిగినాక ముందు సామిని చూసుకో, ఆ తర్వాత మా ఇంటికి రా."

అలాగే వెళ్లాను. దూరం నుంచే గాలిగోపురం కనిపించింది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. అప్పుడు టీవీ ముందు కూర్చుని అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నాకు గుర్తుంది. ఇప్పుడున్నది కొత్తగా కట్టి 2017లో కుంభాభిషేకం చేసినది. దాని కింద నిలబడి తలెత్తి చూస్తూ, అమ్మ ఈ గోపురాన్ని చూడనే లేదు కదా అనుకున్నాను.

పంచభూత లింగాల్లో ఇది వాయులింగం. వరసలో చాలామంది రాహుకేతు పూజకు వచ్చినవాళ్లే. గర్భగుడి ముందు నాకు దొరికింది ఎంతసేపు? అర నిమిషం కూడా కాదు. ఆ కాస్తలోనే దీపాన్ని చూశాను. గాలి చొరబడే సందు లేని చోట అది కదులుతూనే ఉంటుందని చిన్నప్పటి నుంచి విన్నదే. నిజంగానే కదులుతోంది. ఊపిరి పీల్చి వదిలే మనిషి ఛాతీలా, కొంచెం లేచి, కొంచెం తగ్గి. "జరగండమ్మా, జరగండి" అన్నారు. జరిగాను. నాకు భక్తి పొంగలేదు. కానీ ఆ కదలిక కళ్లల్లో ఉండిపోయింది.

పెద్దాయన ఇల్లు గుడికి నడిచి వెళ్లేంత దూరం. గుమ్మంలో అడుగు పెట్టగానే కరక్కాయ వగరు, పాల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నూలు గుడ్డను ముంచి, పిండి, ఎండబెడతారు. కరక్కాయ రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు రంగు అటూ ఇటూ పాకకుండా కాస్తుంది. ఆ పనంతా ఆయన కోడలు చూసుకుంటుంది. ఆవిడ నాకంటే ఐదారేళ్లు చిన్న. మొదటి గంటలోనే నన్ను "అక్కా" అంది.

నేను "బొమ్మలు వేస్తాను" అని పరిచయం చేసుకుంటే పెద్దాయన సరిదిద్దారు. "మేం వేసేది లేదమ్మా. రాస్తాం." కలంకారీ అన్నది గోల్కొండ నవాబుల కాలంలో వచ్చిన పారశీక పేరు. ఇక్కడి పాత మాట వ్రాతపని. అది వినగానే సంచిలోని రామకోటి పుస్తకం గుర్తొచ్చింది, కానీ ఏమీ అనలేదు.

గోడకు సగం పూర్తయిన పెద్ద గుడ్డ వేలాడుతోంది. మధ్యలో కన్నప్ప. ఒక కంట్లో నెత్తురు కారుతున్న లింగం ముందు, రెండో కన్నూ పెకలించి ఇవ్వబోతూ, చోటు తప్పిపోకుండా కాలి బొటనవేలు లింగం మీద ఆనించి ఉన్నాడు. చుట్టూ చిన్న చిన్న గళ్లలో కథ మొదటి నుంచి నడుస్తుంది. ప్రతి గడి కింద తెలుగులో ఒక పంక్తి. గుళ్లో వేలాడదీస్తే చదువు రానివాళ్లు బొమ్మ చూసి, వచ్చినవాళ్లు అక్షరం చదివి కథ తెలుసుకోవడం కోసం పుట్టిన పద్ధతి ఇది. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీని చెక్క అచ్చులతో అద్దుతారు. ఇక్కడ అచ్చు లేదు, అంతా చేతిరాతే. ఒక దశలో ఈ పని దాదాపు అంతరించింది. చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం తెరిచి, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి చేత నేర్పించబట్టి నిలబడింది. 2008లో పద్మశ్రీ అందుకున్న గురప్పశెట్టి గారి పేరు ఈ వీధుల్లో ఎవరైనా గౌరవంగానే పలుకుతారు. ఇంత చరిత్ర ఉన్న పేరు పెట్టి మిల్లు అచ్చు గుడ్డను మీటరు లెక్కన అమ్మడం నగరాల్లో రోజూ చూస్తున్నాను. ఆ గుడ్డ నేనూ కొన్నాను, కుట్టించుకున్నాను. ఇక కొనను.

మొదటి రోజంతా కాగితం మీదే. కలం అంటే చెక్కిన వెదురు పుల్ల. మొన కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కినంత మేరకే మొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత తెగుతుంది. నా గీతలు తెగుతూనే ఉన్నాయి. తెర మీద పదిహేనేళ్లు గీసిన చెయ్యి మూడు అంగుళాలు నిలకడగా సాగలేదు.

సాయంత్రం కోడలు నా పక్కన కూర్చుని కాసేపు చూసింది. "ఊపిరి బిగబడతా ఉండావక్కా. బిగబడితే గీత వణుకుతాది. వదులుతా గీయి."

"ఎంతసేపు వదలాలి?"

"నేనైతే నమశ్శివాయ అనుకుంటా. భక్తని కాదక్కా, కొలత. ఒక నమశ్శివాయకి కంటి మీద రెప్ప అయిపోవాల. రెండిటికి భుజం. మా మామ కూడా అంతే, బయటికి చెప్పడు."

కొలత అన్న ఆ మాటే నన్ను కాపాడిందనిపిస్తుంది. భక్తితో గీయమని ఉంటే నేను బిగుసుకుపోయేదాన్ని, నా దగ్గర లేనిదాన్ని ఎక్కడి నుంచి తేను? కొలత అయితే ఎవరైనా పాటించవచ్చు. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. నమశ్శివాయ, ఒక రెప్ప. నమశ్శివాయ, ముక్కు. మధ్యాహ్నానికి గీత తెగడం తగ్గింది. ఎప్పుడో గమనించాను, గీత ఆగిన తర్వాత కూడా లోపల మంత్రం ఆగలేదు. భోజనం దగ్గర, చేతులు కడుక్కుంటూ, రాత్రి దుప్పటి కప్పుకున్నాక కూడా అది నడుస్తూనే ఉంది. తొమ్మిది నెలలు కూర్చుని పిలిస్తే రానిది, పక్కకు తిరిగి పని చేసుకుంటుంటే వచ్చి కూర్చుంది.

మూడో రోజు గుడ్డ ఇచ్చారు, మూరెడు. ఏం రాస్తావని అడిగారు. సాలెపురుగు అన్నాను.

ఈ ఊరి పేరులోనే ఉంది అది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. పాము మణులు తెచ్చింది. ఏనుగు నీళ్లు, పత్రి తెచ్చింది. సాలెపురుగు ఎక్కడి నుంచీ ఏమీ తేలేదు. తన ఒంట్లోంచి వచ్చిన దారంతో శివుడికి గుడి కట్టింది. దీపం మంట తగిలి ఆ గుడి కాలిపోతే కోపంతో మంటనే మింగబోయింది. ఏ వేదం చదివిందని దానికి మోక్షం ఇచ్చావని కవి ధూర్జటి శివుణ్ణి నిలదీశాడు. బడిలో ఆ పద్యం కంఠతా పట్టినప్పుడు మార్కుల కోసం పట్టాను. ఇప్పుడు చింతపుల్ల బొగ్గుతో ఆ గూడు గీస్తుంటే, ఒక్కో పోగు లోపలి నుంచి లాగితేనే గాని రాదని నా మణికట్టుకు తెలిసింది.

బొగ్గు గీత మీద నలుపు. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వారాల తరబడి ఊరబెడితే వచ్చే రసం అది. గుడ్డ మీద పెట్టిన క్షణంలో గీత పల్చగా ఉంటుంది. కరక్కాయతో కలిసి, గాలి తగిలేకొద్దీ చిక్కబడి కాటుకలా తేలుతుంది. గీత నల్లబడటానికి గాలి కావాలి! వాయులింగం ఉన్న ఊళ్లో ఇది చూస్తూ కూర్చోవడం నాకు దర్శనం లాగే ఉంది. నలుపు పడ్డాక ఇక తుడవడం లేదు. ఆ సంగతికి మొదట భయపడ్డాను. రెండు గంటలు గడిచాక, తుడవనక్కర్లేదన్న నెమ్మది పట్టుకుంది.

బొట్టు పడనే పడింది. గూటి అంచుకు దూరంగా, ఖాళీ జాగాలో, శనగగింజంత. ఆ రోజంతా పడ్డ శ్రమ పోయిందనుకుని కలం కింద పెట్టేశాను. పెద్దాయన వంగి చూశారు, నా కలమే తీసుకున్నారు, బొట్టుకు మూడు గీతలు చేర్చారు. మారేడు దళం అయింది. "ఏనుగు తెచ్చినాదిలే" అని, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయారు. ఏడింటికి సీరియల్ ఉంది, ఆయన ఏ రోజూ అది మానలేదు.

ఒకటే కథ ఇన్నేళ్లుగా రాస్తుంటే విసుగు రాదా అని మరుసటి రోజు ఆయన్ని అడిగాను. కన్నప్పను ఎన్నిసార్లు రాశారో ఆయన లెక్క పెట్టుకోలేదట.

"నువ్వు ఇంట్లో దీపం పెడతా ఉండావు గదా?"

"పెడుతున్నాను."

"నిన్న పెట్టినాం గదా అని ఈ పొద్దు మానుకుంటామా? అట్లే ఇదీ. ఒక్కోసారి కన్నప్ప మొగం దిగులుగా వస్తాది, ఒక్కోసారి నవ్వతా వస్తాది. నేను అనుకొని రాసేది గాదు."

నాలుగో రోజు పటిక. ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూయాలి. దానికి రంగంటూ దాదాపు ఉండదు. ఆరితే ఎక్కడ పూశామో పోల్చుకోవడం కష్టం. కనిపించని రంగును అంచు దాటకుండా నింపాలి. ఒక రోజు అలాగే వదిలేయాలి. మర్నాడు పారే నీళ్లలో కడగాలి. నిలవ నీళ్లయితే వదిలిన పటిక వేరే చోట అంటుకుని మచ్చ కడుతుంది. అందుకే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. ఏటికి అన్ని కాలాల్లో నీళ్లుండవు. మా అదృష్టం, వానలు వెళ్లి ఎంతో కాలం కాలేదు, మోకాలి లోతు పాయ ఒకటి పారుతోంది. కోడలు, నేను గుడ్డ రెండు కొసలు పట్టుకుని నీళ్లల్లో నిలబడ్డాం. కాళ్లు కొంకర్లు పోయాయి. అవతల గట్టున ఎవరో సంధ్యావందనం చేసుకుంటున్నారు. గుడ్డను నీళ్లు లాగుతుంటే, దానికి ఎంత పట్టు ఇవ్వాలో అంతే ఇస్తూ, ఆవిడ పెదవులు కదలడం చూశాను. ఇక్కడ కొలవడానికి గీత ఏదీ లేదు. అయినా ఆవిడ అనుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం పొయ్యి మీద కుండలో మంజిష్ఠ వేళ్ల నీళ్లు కాగాయి. గుడ్డను దించి కర్రతో కలుపుతూ ఉంటే, ఏమీ లేదనుకున్న చోట్ల ఎరుపు లేచింది. మొదట నీరెండలా, తర్వాత పండు మిరపలా. దీపం మంట, గూటి అంచు, లింగం పీఠం. నేను పూసినంత మేరకే, పూసిన చోటే. ఆ పొయ్యి దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఆ తొమ్మిది నెలలూ ఏ తడీ లేకుండా పెట్టిన దీపాలు, చదివిన శ్లోకాలు గుర్తొచ్చాయి. కోడలు ఏమీ అడగలేదు, కర్ర తను తీసుకుంది. పసుపుకు కరకపువ్వు, తర్వాత నీలి మందు. ఆ రెండూ నేను ఉండగా కావు. రంగులు పూర్తయ్యాక పంపిస్తామన్నారు.

ఆరో రోజు తెల్లవారుజామున మళ్లీ గుడికి వెళ్లాను. ఈసారి తొందరపడలేదు. నూరుకాళ్ల మండపంలో స్తంభాల శిల్పాల దగ్గర ఆగి ఆగి చూశాను. ఉలి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ కదిలిందో రాతిలో వెతుక్కున్నాను. మొదటి రోజు వీటి ముందు నుంచే నడిచి వెళ్లాను, ఒక్కటీ చూడలేదు. గర్భగుడి ముందు అదే అర నిమిషం. దీపం అలాగే లేస్తూ తగ్గుతూ ఉంది. దాంతో పాటే నేనూ ఊపిరి వదిలాను. "జరగండమ్మా" అన్నారు.

తిరుగు రైలు మధ్యాహ్నం. కిటికీ పక్కన కూర్చుని అమ్మ రామకోటి తీశాను. అరవై రెండు వేల దగ్గర ఆగిపోయిన పుస్తకం. నేను దాన్ని ఇన్నాళ్లూ అమ్మ వస్తువుగా దాచుకున్నాను గాని, బొమ్మలు వేసేదాని కళ్లతో ఎప్పుడూ చూడలేదు. మొదటి పేజీల్లో అక్షరాలు గళ్లను దాటి పోతున్నాయి. కొన్ని పేజీలయ్యాక కుదురుకున్నాయి. ప్రతి నాలుగు గళ్లకు సిరా కొంచెం పల్చబడి, ఐదో గడిలో మళ్లీ చిక్కబడుతుంది. అక్కడ అమ్మ కలం ఎత్తి, ఊపిరి తీసుకుని ఉంటుంది. చివరి పేజీల్లో ఆసుపత్రి నుంచి వచ్చాక రాసినవి ఉన్నాయి. రాకారానికి వణుకుంది గాని, గీత ఒక్కచోటా తెగలేదు.

వాటి మధ్య ఒక గడిలో పెన్ను కక్కిన సిరా బొట్టు. ఈ పేజీ నేను ఎన్నోసార్లు తిప్పాను. బొట్టు చుట్టూ పెన్నుతోనే అమ్మ ఐదు చిన్న రేకులు గీసి ఉంది. పక్క గడిలో శ్రీరామ యథాప్రకారం మొదలైంది.