గోడకేసి నిలబడ్డ గాడిద

గుర్రానికి కడుపునొప్పి వస్తే కిందపడి దొర్లుతుంది, కాళ్ళతో పొట్ట తన్నుకుంటుంది. గాడిద అంత హడావిడి చేయదు. మా ఆడగాడిద చేసిందల్లా తల వేలాడేసి గోడకేసి నిలబడటమే. ముందేసిన జొన్నచొప్ప ముట్టలేదు. పొద్దున్నుంచి వేసిన లద్దెలు నాలుగే, ఎండి రాయిలా ఉన్నాయి, పైన జిగురు పొర. నాడి నిమిషానికి 68. మామూలుగా 36 నుంచి 52 ఉండాలి.

మేత మానిన గాడిదను రేపు చూద్దాంలే అనుకుంటే చేజారుతుంది. ఒంటి కొవ్వు కరిగి రక్తంలోకి దిగుతుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బలిసినవాటికి, చూడివాటికి, పాలిచ్చేవాటికి ఈ గండం ఎక్కువ. అసలు జబ్బు తగ్గినా దీనితో పోతాయి.

సీసాతో నూనె పట్టమన్నవాళ్ళు ఉన్నారు. పట్టలేదు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి, గోరువెచ్చని నీళ్ళు, లీటరు లిక్విడ్ పారఫిన్ అనే నూనె పంపారు. నొప్పికి ఫ్లూనిక్సిన్, నరానికి గ్లూకోజు. రెండోరోజు తెల్లవారుజామున జిడ్డు లద్దె పడింది. ఆపైన పచ్చగడ్డి, గంటగంటకూ గుప్పెడే.

కారణాలు రెండు తేలాయి. దవడపళ్ళ అంచులు వాడిగా పెరిగి చొప్ప నలగడం లేదు. లద్దె పరీక్షలో గ్రాముకు 900 స్ట్రాంగైల్ అనే పేగు నట్టల గుడ్లు. వీటిలో పెద్ద రకం పిల్లపురుగులు పేగుకు రక్తం తెచ్చే ధమనిలో కాపురం పెడతాయి. అక్కడ గడ్డకట్టిన రక్తం పేగుకు వెళ్ళే రక్తానికి అడ్డం పడుతుంది. చిన్న రకంవి పేగు గోడలోనే దాక్కుంటాయి, ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందుకు అక్కడ అందవు.

నట్టల మందు వెంటనే వేయలేదు, తేరుకున్న వారానికి వేశాం. కంటి అంచనాకు 150 కిలోలు, కాటా మీద 118. కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన ఐవర్‌మెక్టిన్ 24 మిల్లీగ్రాములు, నోటిద్వారా. పశువుల ఇంజెక్షను గాడిదకు వాడకూడదు. తక్కువ మోతాదు మరీ చేటు, బతికిన పురుగు మందుకు అలవాటుపడుతుంది. ముందుకాళ్ళ వెంట్రుకలకు అంటిన పసుపు గుడ్లు బాట్ ఈగవి. నాకితే కడుపులోకే, అందుకే వాటిని కత్తితో గీకేశాం. లద్దె వారానికి రెండుసార్లు ఎత్తుతున్నాం.

మందు వేసిన పద్నాలుగో రోజు పరీక్షలో గుడ్లు 50 లోపే. పళ్ళు ఆకురాయితో రాయించాక చొప్ప నలిగే చప్పుడు కొట్టం బయటికి వినబడుతోంది.