30 కిలోల జత కోసం

పది కిలోల దాకా డంబెల్స్ ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. నాకు కావాల్సింది 30 కిలోల జత. కోఠిలో అడిగితే, "అంత బరువు ఎవరు కొంటారన్నా, ఆర్డర్ పెట్టాలి" అన్నారు. ఒకాయన సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చూపించాడు. అదే సైజులో ఇనుము దానికి దాదాపు మూడింతలు తూగుతుంది. ఆ ప్లాస్టిక్ ప్లేట్లతో 30 కిలోలంటే డంబెల్ కాదు, రోడ్డు రోలరే! తొడల మీద పెట్టుకుని బెంచీ మీద వెనక్కి వాలడం నా వల్ల కాదు.

చివరికి మూతపడుతున్న ఒక జిమ్ వాళ్లు పాత పోత ఇనుము ప్లేట్లు, మరలున్న రాడ్లు కిలోల లెక్కన ఇచ్చారు. డబ్బులిచ్చేశాక తూచడం నా తెలివి. మా వీధి పాత సామాన్ల కొట్టు కాటా మీద, ఐదు అని అచ్చున్న ప్లేటు 4 కిలోల 700 గ్రాములే తూగింది. కోపమొచ్చింది గానీ, ఒక్కోదానికి ఆరు ప్లేట్లు, రెండు కిలోల రాడ్డు కలిపితే లెక్క 30 దాటింది.

తుప్పు గరుకు కాగితంతో పోయింది. మేముండేది రెండో అంతస్తు. కింది పోర్షన్ ఆంటీ మెట్ల దగ్గర ఆపి, "కింద పెట్టేటప్పుడు మెల్లగా బాబూ" అన్నారు. రేపు రబ్బరు మ్యాట్ వెతకాలి.