సభా హక్కులు: ఎక్కడిదాకా?

శాసనసభలో ప్రశ్నోత్తరాలు ముగియగానే సభా హక్కుల నోటీసుకు, అంటే సభకూ సభ్యులకూ ఉన్న ప్రత్యేక హక్కులకు భంగం కలిగిందన్న ఫిర్యాదుకు, వేళవుతుంది. ముందు స్పీకర్ సమ్మతి కావాలి. విషయం ఇటీవల జరిగినదై, నిర్దిష్టంగా ఒక్కటే అయి ఉండాలి. చాలా నోటీసులు ఇక్కడే వీగిపోతాయి. మంత్రి జవాబులో అంకె తప్పితే చాలదు, తెలిసి తెలిసి సభను తప్పుదోవ పట్టించారని చూపాలి. ఆ మెట్టు దాటితే సాధారణంగా హక్కుల కమిటీకి వెళ్తుంది.

రాజ్యాంగంలోని 194వ అధికరణం సభలో అన్న మాటకూ వేసిన ఓటుకూ కోర్టు కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. అదే మాట బయట ప్రెస్‌మీట్‌లో అంటే ఆ రక్షణ లేదు. లంచం తీసుకుని ఓటేసినవారికీ లేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అరెస్టు నుంచి మినహాయింపు సివిల్ వ్యవహారాలకే: సమావేశాలు జరిగే రోజులు, వాటికి ముందు 40, తర్వాత 40. క్రిమినల్ కేసులో అరెస్టు చేయవచ్చు, స్పీకర్‌కు వెంటనే తెలపాలి.

మిగతా హక్కులను ఇన్నేళ్లయినా చట్టంగా రాయకపోవడం అన్యాయం. ఏది సభా ధిక్కారమో పౌరుడికి ముందే ఎలా తెలుస్తుంది? 1964లో ఉత్తరప్రదేశ్ అసెంబ్లీ సోషలిస్టు కార్యకర్త కేశవ్ సింగ్‌ను సభా ధిక్కారం కింద జైలుకు పంపింది. బెయిలిచ్చిన ఇద్దరు హైకోర్టు జడ్జీలనూ అదుపులోకి తీసుకుని సభ ముందుకు తెమ్మంది.