ఈగల కోసం 20 మైళ్ల వేగం

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పాస్కో నుంచి వాలావాలాకి హైవే 12 పట్టుకుంటే గంట కూడా పట్టదు. మా బావ మాత్రం టూషీ దగ్గర పొలాల మధ్య దారిలోకి కారు తిప్పాడు. జూన్ ఎండ, పైగా ఆకలి. అంతలో బోర్డు: వేగం గంటకు 20 మైళ్లు మించకూడదట! ఇల్లు లేదు, బడి లేదు, ఎదురొచ్చే బండి కూడా లేదు. ఎందుకయ్యా అంటే, "తేనెటీగలు రోడ్డు దాటుతుంటాయి" అన్నాడు. ఆట పట్టిస్తున్నాడనుకున్నాను.

నిజమే. అవి మామూలు తేనెటీగలు కావు, చవుడు నేలలో బొరియలు చేసుకునే ఆల్కలీ ఈగలు. చుట్టూ ఊదారంగు పూలతో ఉన్నది లూసర్న్ అనే పశుగ్రాసం, అమెరికా వాళ్ల అల్ఫాల్ఫా. విత్తనం కోసం వేసిన పైరు. గట్టు మీద కనిపించిన రైతును బావ పలకరించగానే ఆయన మమ్మల్ని ఈగల మడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఉప్పు చల్లిన తెల్లటి ఖాళీ నేల, దాని నిండా చిన్న చిన్న కన్నాలు. తడి ఆరకుండా భూమిలో పైపులు వేసి నీళ్లిస్తారు. చవుడంటే మనం భూమి పోయిందని ఏడుస్తాం, వీళ్లు పనిగట్టుకుని తయారు చేస్తున్నారు!

ఈ పువ్వు కూడా తక్కువది కాదు. ఈగ వాలి అడుగు రేకుల్ని నొక్కగానే లోపల బిగిసి ఉన్న కేసరాల కాడ స్ప్రింగులా లేచి దాన్ని కొడుతుంది. మామూలు తేనెటీగకు అది నచ్చదు, త్వరలోనే పక్కనుంచి తేనె తాగి తప్పుకోవడం నేర్చుకుంటుంది. అప్పుడు కాయ కట్టేదెలా? ఆల్కలీ ఈగ దెబ్బకు వెరవకుండా పువ్వు తర్వాత పువ్వు తెరుస్తూ పోతుంది. పురుగుమందు కొట్టాల్సి వచ్చినా, ఈగలు బొరియల్లో ఉండే రాత్రిపూటే కొడతామన్నాడు రైతు.

గడ్డి కోసం వేసేవాళ్ల లెక్క వేరు. పూత మొదలవుతుండగానే కోసేయాలి, ముదిరితే కాడ పీచెక్కుతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకుల్లో, బాగా ఎండితే అవే రాలిపోతాయి. అందుకే చాలామంది రాత్రి మంచు పడి ఆకు కాస్త మెత్తబడ్డాక బేళ్లు కడతారు. తడి ఎక్కువైనా ప్రమాదమే: బేలు లోలోపల వేడెక్కి ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

వాలావాలా చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. శాండ్‌విచ్‌కి 18 డాలర్లు! బావ అది తింటూ కూడా ఈగల గురించే మాట్లాడాడు.