ఆరులో రెండు సెక్షన్లు, పదిలో ఒక్కటే

"మన సార్ల గొప్పతనం గురించి రాయన్నా" అని మన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేశారు. సార్ల గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు, రాయాలి కూడా. నేను గదుల గురించి రాస్తాను.

మేం 1988లో ఆరో తరగతిలో చేరేనాటికి మన హైస్కూలుకున్న ఆస్తి కొన్ని పాత పెంకుల గదులు, ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు. చెట్టునూ గదుల లెక్కలో వేయాల్సిందే, టైంటేబుల్లో దానికీ పీరియడ్లుండేవి మరి. దేవరకొండ రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ల నుంచి, తండాల నుంచి ఐదు పాసైన పిల్లలంతా ఇక్కడికే రావాలి. 'ఎ' సెక్షన్లో ఎనభై మందికి తక్కువ లేం, 'బి'లో ఇంకా ఎక్కువే. బెంచీలు పదో తరగతికే. మాకు బండలు, వాటిమీద ఇంటినుంచి తెచ్చుకున్న యూరియా సంచి. ఒళ్లో నోట్సు పెట్టుకునే జాగా లేక ముందు కూర్చున్నవాడి వీపు మీద ఆనించి రాసేవాళ్లం. వాడు దగ్గితే అక్షరం కాస్తా గీతయ్యేది. నా ముందువాడు కదలకుండా కూర్చునేవాడు, అందుకే నా దస్తూరీ బాగుంటుందని సార్లు మెచ్చుకున్నారు. వాడు ఎనిమిదిలో బడి మాని పసులకాడ జీతం కుదిరాడు.

హాజరు పిలవడానికే పావుగంట పట్టేది. షెడ్డులో ఏడూ ఎనిమిదీ వీపులానించుకుని కూర్చునేవి, మధ్యలో గోడ లేదు. ఏడులో ఉండగానే ఎనిమిదో తరగతి బీజగణితం సగం నా చెవిన పడింది. అదే మేలైందని ఇప్పటికీ వాదించే దోస్తులున్నారు. మా భిన్నాల పాఠం మాకే వినపడలేదన్న సంగతి వాళ్లకు గుర్తుండదు. వానపడితే రేకుల మోతకు సార్లిద్దరూ సుద్దముక్కలు పక్కన పెట్టేసేవాళ్లు. శనివారం చివరి పీరియడు చిక్కుడాకు, బొగ్గులు నూరి బోర్డుకు పూసేవాళ్లం. ఆ నలుపు వారం మధ్యకు వచ్చేసరికి వెలిసిపోయేది. సైన్సు సామాను బీరువాలో తాళం వేసి ఉండేది. గాజు గొట్టం పగిలితే ఆ సారు జీతంలోంచి కట్టాలట, ఆయన్ని ఏమనగలం?

దసరా సెలవుల తర్వాత మాత్రం గదిలో కాళ్లు చాపుకునే జాగా దొరికేది. మాకు సంబరం. తండాల పిల్లలు అమ్మానాయనలతో వలసపోయేవారు, కొందరు మిరపకోతకు గుంటూరు దిక్కు, కొందరు హైదరాబాదులో మేస్త్రీ పనులకు. ఆడపిల్లలది ఇంకో కథ. బడిలో మరుగుదొడ్డి లేదు. మధ్యాహ్నం ఇంటికి పోయినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు, తొమ్మిదికి వచ్చేసరికి పొద్దున కూడా రావడం మానేశారు. రిజిస్టర్లో పేరు మీద ఎర్రసిరా గీత పడేది, అంతే. పదికొచ్చేసరికి రెండు సెక్షన్లు కలిసి ఒక్కటైంది, అందరికీ బెంచీ దొరికింది. ఇరుకు తీరింది గదులు కట్టి కాదు, పిల్లలు పోయి. 1993 గ్రూపు ఫోటో కింద "ఇరుకు గదుల్లో చదివీ ఎంత ఎదిగాం!" అని వాట్సాప్‌లో రాసుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సర్కారు అసలేం చేయలేదనను. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది, కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అంది. అది ప్రాథమిక బడులకే. హైస్కూళ్లకు కేంద్రం రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, అంటే ఆర్‌ఎంఎస్ఏ తెచ్చింది 2009లో, అప్పటికి మా పిల్లలే బడికి పోతున్నారు. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరుండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది, అది 2010 ఏప్రిల్ నుంచి అమలు. 2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టి 26,065 బడులకు 7,289 కోట్లు అన్నారు. మన బడికీ బల్లలొచ్చాయి, రంగులు పడ్డాయి.

మొన్న పోయి చూస్తే గదులున్నాయి, బల్లలున్నాయి, పిల్లలే లేరు. పొద్దున్నే ప్రైవేటు బడుల బస్సులు ఊరి మలుపు దగ్గర వరసకట్టి ఎత్తుకుపోతున్నాయి. తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు. స్ట్రెంత్ తగ్గితే రేషనలైజేషన్లో, అంటే పిల్లల లెక్కను బట్టి టీచర్లను సర్దేటప్పుడు, పోస్టు పోతుంది, లెక్కల సారు పోయాడని తెలిస్తే ఇంకో పది ఇళ్లవాళ్లు టీసీ తీసుకుంటారు. వచ్చే ఏడు ఇంకో పోస్టు పోతుంది. వంద దాటి 250 లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద వచ్చే గ్రాంటు ఏడాదికి 50 వేలు. సుద్దముక్కల నుంచి రిపేర్ల దాకా అన్నీ అందులోనే. నెలకు నాలుగు వేల చిల్లర. ముఖద్వారం కమాను కోసం మన గ్రూపులో ఒక్క సాయంత్రం పలికిన చందాలు దానికి ఎన్ని రెట్లో కోశాధికారి చెప్పాలి.

కమాను కట్టుకోండి, నా వంతు నేనూ ఇస్తాను. కానీ కమాను కడితే లెక్కల పోస్టు రాదు. దాన్ని సర్కారే ఇవ్వాలి, అడగడానికి జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు ఇరవై మందిమైనా కలిసి పోవాలి. పెద్ద నౌకర్లలో ఉన్నవాళ్లు ఆ రోజు సెలవు పెడితే ఇంకా మంచిది.

కమిటీకి ఇంకో మాట. సంచిక వెనక 'పదో తరగతి బ్యాచ్' అని జాబితా వేస్తున్నారు కదా, దాని బదులు 1988 అడ్మిషన్ రిజిస్టరు తీయించి ఆరులో చేరినవాళ్ల పేర్లన్నీ వేయండి, రెండు సెక్షన్లవీ. పిలుపు కార్డులు కూడా వాళ్లందరికీ ఇవ్వండి. సగం మంది ఊళ్లోనే ఉన్నారు, పోస్టు ఖర్చు కూడా కాదు.